మందసాగరంలో పాలపిట్ట

ఆశ్వయుజ శుద్ధ త్రయోదశి నాడు, రెండు గడియల పొద్దెక్కాక, వేలాపురి రేవు నుంచి ఒక చిన్న తెరచాప పడవ కదిలింది. దాని పేరు పాలపిట్ట. పొడవు పది మూరలు. అందులో ఉన్నది ఒక్కడే మనిషి. అతని పేరు వల్లభుడు.

సాగనంపడానికి వచ్చిన జనంతో రేవు కిటకిటలాడింది. వచ్చినవాళ్ళలో సగంమంది దీవించడానికి వచ్చారు. తక్కిన సగంమందీ వింత చూడడానికి వచ్చారు. ఎందుకంటే వల్లభుడు వేలాపురిలో వేగానికి మారుపేరు. వరసగా అయిదేళ్ళు శరత్కాలపు పడవ పందేలు గెలిచి, రాజు రణకేతుడి చేతుల మీదుగా బంగారు గండపెండేరం కాలికి తొడిగించుకున్నవాడు. వాడు అన్నమైనా కూర్చుని తినడని వాళ్ళమ్మ ఊరంతా చెప్పుకునేది. అలాంటివాణ్ణి కొలువుకు పిలిపించి, ఎంత ఆలస్యమైనా సరే నెమ్మదిగా వెళ్ళమని రాజు ఆజ్ఞాపించాడు.

దానికి కారణం ఉంది. రెండు నెలల కిందట ధూమ్రద్వీపపు మాంత్రికుడు ఘూర్ణుడు రాజమాత కమలాంబికాదేవిని ఉద్యానవనంలోంచి ఎత్తుకుపోయాడు. వేలాపురి సముద్రం కన్నా పల్లంలో ఉన్న నేల. కోట అడుగున ఉన్న జలకవాటం ఒక్కటే ఆ సముద్రాన్ని ఆపుతోంది. దాన్ని తెరిచే రహస్యం తరానికి ఒక్కరికే చెబుతారు. ఈ తరంలో అది రాజమాతకే తెలుసు. ఆమె చేత ఆ రహస్యం చెప్పించి, రాజ్యాన్ని ముంచి, తన సముద్రంలో కలిపేసుకోవాలని ఘూర్ణుడి ఎత్తు. ఆశ్వయుజ అమావాస్య నాడు తాను ఒక కషాయం కాస్తాననీ, అది తాగినవాళ్ళు అడిగినదానికల్లా నిజం చెప్పి తీరతారనీ, ఆ మర్నాటికల్లా కొండలెక్కి కూర్చోవడం మంచిదనీ గర్వం పట్టలేక వాడే ఉత్తరం రాసి, డేగ కాలికి కట్టి పంపాడు.

రాజు ఏడు యుద్ధనౌకల్ని పంపాడు. వేలాపురికీ ధూమ్రద్వీపానికీ నడుమ ఉన్నది మందసాగరం. అందులో అంధతిమి ఉంది. అది కోట బురుజంత తల ఉన్న గుడ్డి చేప. కళ్ళు లేకపోయినా నీళ్ళు ఏమాత్రం అదిరినా దానికి తెలిసిపోతుంది. నలభై తెడ్లు ఒక్కసారిగా పడేసరికి అది పైకి లేచి ఏడు నౌకల్నీ ముక్కలు చేసింది. నావికులు చెక్కలు పట్టుకొని, ఈదే ఓపిక లేక, అలలు నెట్టినచోటికల్లా పోతూ పది రోజులకి ఒడ్డు చేరారు. ఒక్కరికి కూడా గాయం లేదు. అప్పుడుగాని అసలు సంగతి బయటపడలేదు. బాతు ఈదే వేగాన్ని మించనంతవరకూ అంధతిమికి ఎవరూ ఉన్నట్టే తెలియదు.

తెడ్డు పనికిరాదు, తెరచాప ఒక్కటే దారి. పడవ చిన్నదై ఉండాలి. ఇద్దరికే చోటు, అందులో ఒకటి తిరిగి వచ్చేటప్పుడు రాజమాతకి. బాతు వేగంతో ద్వీపం పన్నెండు రోజుల దారి. అమావాస్యకి ఇంకా పదిహేడు రోజులుంది. గాలిని అంత సన్నగా వాడుకోగల చెయ్యి రాజ్యంలో ఒక్కటే. అది వల్లభుడిది. వాడు తన చేతికి నెమ్మది నేర్పగలడా అన్నదే అందరి సందేహం, వల్లభుడితో సహా.

మొదటి రెండు రోజులూ వాడికి నరకంలా గడిచాయి. తెరచాపలో మూడు వంతులు చుట్టి కట్టి, పడవ వెనక ఒక బాన తాడుతో వేలాడదీసి లాగించుకుంటూ పోతున్నా, గాలి కాస్త చెవిలో ఊదితే చాలు, చెయ్యి దానంతటదే తాడు వైపు పోయేది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకునేవాడు.

మూడోనాడు ఉదయం ఉత్తరం నుంచి వలస వచ్చిన బాతుల గుంపు ఒకటి నీటి మీద దిగింది. వాటిలో ఒక ముసలి బాతు పాలపిట్ట పక్కనే ఈదసాగింది. పడవ కాస్త ముందుకు పోతే అది కోపంగా అరిచేది. వెనకబడితే ఆగి చూసేది. వల్లభుడు నవ్వుకొని దానికి అటుకులు వేశాడు. ఆ రోజు నుంచి తన వేగాన్ని ఆ బాతుకి అప్పగించేసి, జీవితంలో మొదటిసారి చుట్టూ చూశాడు.

ఏమని చెప్పేది ఆ శరత్తుని! వానలన్నీ కురిసి వెలిసిన ఆకాశం కడిగి ఆరేసిన నీలిపట్టు చీరలా ఉంది. దాని అంచున అక్కడక్కడ తెల్లమబ్బులు ఏకిన దూదిలా తేలుతున్నాయి. నది బురదంతా అడుక్కి దిగి సముద్రం పచ్చలరాయిలా తేటపడింది. తొంగిచూస్తే పది నిలువుల లోతున పగడాల కొమ్మల మధ్య పసుపురంగు చేపలు పెళ్ళివారిలా బారులు తీరి పోతున్నాయి. లంకల మీద రెల్లు పూచి, గాలి వీచినప్పుడల్లా వింజామరలు వీస్తోంది. ఎండకి తేనెరంగు వచ్చింది. పొద్దు వాలే వేళ ఆ తేనె నీటి మీద ఒలికి, పాలపిట్ట ముక్కు దగ్గర రెండుగా చీలి, మళ్ళీ వెనక కలుసుకునేది. వల్లభుడు పొయ్యి వెలిగించి అన్నం వండుకొని, చుక్కాని పక్కన కాళ్ళు చాపుకొని, కూర్చుని తిన్నాడు. ఉప్పు చాలలేదని కూడా వాడికి ఇన్నేళ్ళలో ఆరోజే తెలిసింది.

అయిదోనాడు మధ్యాహ్నం ఆ సుఖం కాస్తా చెదిరిపోయింది. ఆగ్నేయం నుంచి చెప్పాపెట్టకుండా ఈదురుగాలి వచ్చి పడింది. వల్లభుడు ఒక్క గెంతులో తెరచాప దించేశాడు. అయినా గాలి ఉత్తి కొయ్యనే పట్టుకొని పడవని తోసుకుపోతోంది. బాతు ఎప్పుడో వెనకబడిపోయింది. పడవ ముక్కు దగ్గర నురగ లేచింది. దూరంగా నీరు గట్టులా ఉబ్బి, ఆ గట్టు ఇటు తిరిగింది.

లంగరు వేశాడు. అది అడుగు అందుకోలేదు. బియ్యపు బస్తాని తాడుకి కట్టి నీళ్ళలోకి వదిలాడు. వేగం తగ్గిందిగాని చాలినంత తగ్గలేదు. నీటిగట్టు నాలుగు బారల దూరంలోకి వచ్చేసింది. ఇంక ఏమీ మిగల్లేదు. వల్లభుడు తాడు కొస నడుముకి కట్టుకొని తానే వెనక నుంచి నీళ్ళలోకి దూకి, కాళ్ళూ చేతులూ బార్లా చాపి, బస్తాలాగే బరువుగా వేలాడాడు.

పడవ ఒక్కసారి ఊగి, నెమ్మదించి, నడకలోకి దిగింది. వాడి కాళ్ళ కింద ఒక నల్లని గోడ కదలడం మొదలుపెట్టింది. దాని మీద నాచు ఉంది, గుల్లలు ఉన్నాయి, విరిగిన నౌకల చెక్కలు గుచ్చుకొని ఉన్నాయి. ఆ గోడ ఎంతసేపటికీ అయిపోదు. వల్లభుడు బొటనవేలు కూడా కదపకుండా, ఊపిరి ముక్కు కొసన నిలిపి, తన కాలి కింద నుంచి ఒక ఊరు పోతున్నట్టుగా దాన్ని పోనిచ్చాడు. చివరికి తోక కూడా దాటింది. గాలి తగ్గింది. వాడు పడవలోకి పాకి, తడిసిన బియ్యం ఎండబెట్టుకుంటూ ఉండగా ముసలి బాతు వచ్చి చేరి, ఆలస్యమైనందుకు వాణ్ణే తిట్టింది.

ఎనిమిదోనాడు పొద్దున్నే నెమలి ఆకారంలో చెక్కిన బంగారు పూత పడవ ఒకటి ఎదురైంది. ఆ పడవలో పట్టుబట్టలూ పచ్చల పోగులూ మెరుస్తుండగా ఒక అందమైన యువకుడు కూర్చున్నాడు. మెడలో తెల్లని శంఖం వేలాడుతోంది. తాను దక్షిణపు వర్తకుణ్ణనీ, తీరం వదిలి పది రోజులైందనీ, తోడు లేక విసుగెత్తిపోతోందనీ చెప్పుకున్నాడు. వెండి పెట్టె తెరిచి తాంబూలం ఇచ్చాడు. వల్లభుడు ఆకు అందుకొని తొడిమ గిల్లాడు. తొడిమ నుంచి పసరు కారింది. పది రోజుల కిందట కోసిన ఆకుకి పసరు ఎక్కడిది? పూటలో చేరగలిగినంత దగ్గరలో తమలపాకు తీగ పాకే నేల ఒక్కటే ఉంది. అది ధూమ్రద్వీపం. ఎదురుగా ఉన్నవాడు ఎవడో వల్లభుడికి తెలిసిపోయింది. ఆకు నమిలి, చాలా బాగుందన్నాడు.

ఉప్పునీటి మీద ఘూర్ణుడికి వేషం మార్చడం తప్ప మరే మంత్రమూ పారదు. అందుకే మాటలతో పని చక్కబెట్టుకోవాలని వచ్చాడు.

"పడవవాడా, ఈ నడకన పోతే ఒడ్డు చేరేది నువ్వు కాదు, నీ మనవలు," అన్నాడు ఆ యువకుడు. "కాలికి గండపెండేరం చూసి ఏదో అనుకున్నాను. ఏ సంతలో కొన్నావు? కాదంటే నాతో పందెం వేసి చూపించు!"

వల్లభుడికి చెవులు వేడెక్కాయి. ఇదే మాట పోయిన నెల ఎవరైనా అని ఉంటే ఈపాటికి వాడి పడవ ఆకాశపు అంచు దాటి ఉండేది. అటుకుల మూట విప్పి బాతుకి నాలుగు వేసి, ఆ వేడి చల్లారేదాకా ఆగాడు. ఈ సముద్రంలో పూటలో ఇంత దూరం వచ్చినవాడికి అండ మెడలోని ఆ శంఖమే అయి ఉండాలని ఊహించాడు. అప్పుడు పందేనికి సరేనన్నాడు. అయితే ఓడినవాడు మాట తప్పకుండా, పందెం సొత్తు ముందే చేతులు మార్చుకోవడం తమ రేవులో ఆనవాయితీ అన్నాడు. తాను గండపెండేరం ఇస్తాననీ, వర్తకుడు ఆ శంఖం ఇస్తే చాలుననీ చెప్పాడు.

ఆ శంఖం ఊదితే అంధతిమి దూరంగా తొలగిపోతుంది. ఘూర్ణుడు వేగంగా తిరగగలిగేది దాని వల్లనే. వాడు లోపల లెక్క వేసుకున్నాడు. లెక్కపెట్టడం అయిన మరుక్షణం ఈ కుర్రాడు బాణంలా దూసుకుపోతాడు, చేప పని చేప చూసుకుంటుంది, తాను మాత్రం ఉన్నచోటనే కూర్చుంటే చాలు, శంఖం విరిగిన పడవ చెక్కల్లో ఏరుకోవచ్చు. నవ్వుతూ శంఖం తీసి ఇచ్చాడు.

ఇద్దరూ పడవలు వరసలో నిలిపారు. ఒకటి, రెండు, మూడు అని కలిసి లెక్కపెట్టారు.

ఎవరూ కదల్లేదు.

బయలుదేరవేమని వర్తకుడు అడిగాడు. తమరు పెద్దలు, ముందు తమరే అన్నాడు వల్లభుడు. అతిథిని దాటిపోవడం తమ దేశంలో మర్యాద కాదన్నాడు వర్తకుడు. తమ దేశంలో అసలు దాటిపోవడమే మర్యాద కాదన్నాడు వల్లభుడు. అలా మర్యాదలు చేసుకుంటూ పొద్దు నడినెత్తికి వచ్చింది. వల్లభుడు అన్నం వండి, మామిడికాయ ఊరగాయ వేసుకొని తిని, ఒక ముద్ద ఎదుటివాడికి కూడా చూపించాడు. తరవాత శంఖాన్ని తలకింద పెట్టుకొని పడుకున్నాడు. ఎండకి యువకుడి మీసం జారి చుబుకం మీదికి వచ్చింది. బుగ్గలు ముడతలు పడ్డాయి. పట్టు తలపాగా కింద నుంచి జడలు వేలాడాయి. వల్లభుడు ఒక కన్ను తెరిచి చూశాడు.

"తాతా, నీ ముఖం ఊడిపోతోంది," అన్నాడు.

తన గుట్టు ఎప్పుడో బయటపడిందని ఘూర్ణుడికి అప్పుడు అర్థమైంది. వాడు గావుకేక పెట్టి, నెమలి పడవని ఒక్క ఊపున పాలపిట్ట మీదికి ఉరికించాడు. రెండు పడవలూ ఢీకొన్నాయి. శంఖం కోసం నాలుగు చేతులు పెనుగులాడాయి. అది ఎవరికీ దక్కకుండా జారి, తెల్లగా గిరగిరా తిరుగుతూ పచ్చని నీళ్ళలో దిగి, కనుమరుగైంది. ఇద్దరూ దాన్ని చూస్తూ ఉండిపోయారు. తరవాత ఇద్దరూ ఒకేసారి తల ఎత్తి చూశారు. పడమట నీరు గట్టులా లేచి వస్తోంది.

వల్లభుడు పడవ అడుగున బోర్లా పడుకొని రాయిలా ఉండిపోయాడు. ఘూర్ణుడికి అంత నిబ్బరం లేదు. వాడు నెమలి పడవని తిప్పి పారిపోయాడు. నీటిగట్టు పాలపిట్టని ఒక్కసారి ఊయల ఊపి, వాడి వెంటపడింది. బంగారు తోక, నల్లటి వీపు, తెల్లటి నురగ, మూడూ కలిసి ఉత్తరం వైపు చిన్న చుక్కై మాయమయ్యాయి. పందెం ఎవరు గెలిచినట్టో తేలలేదు. గండపెండేరం కూడా వాడితోనే పోయింది.

పన్నెండోనాడు సాయంత్రం ఊదారంగు పొగమంచు చీలి ధూమ్రద్వీపం కనిపించింది. నల్లరాతి మెట్లు నీళ్ళలోకి దిగి ఉన్నాయి. మెట్ల మీద తెల్లచీర కట్టుకున్న ముసలావిడ కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. మాంత్రికుడు నాలుగు రోజులుగా ఇల్లు చేరకపోయేసరికి తలుపులకి వేసిన మంత్రపు కట్టు వీగిపోయింది. ఆమె లేచి, వల్లభుడు మెట్టుకి కట్టిన ముడి చూసి, విప్పి, ఇంకా గట్టిగా తానే కట్టింది. ఆమే రాజమాత కమలాంబికాదేవి.

వల్లభుడు నమస్కరించి, రాజు పంపగా వచ్చాననీ, గాలి అనుకూలంగా ఉంది గనక వెంటనే బయలుదేరాలనీ విన్నవించాడు. ఆమె పడవని ఈ కొస నుంచి ఆ కొసకి చూసింది.

"ఇందులో ఎంతమంది పడతారు నాయనా?"

"ఇద్దరమేనమ్మా. తమరూ, నేనూ."

"లోపల ఇంకా పదకొండుమంది ఉన్నారు. వాడు తన వంటకీ పాటకీ ఒళ్ళు పట్టడానికీ ఎక్కడెక్కడి నుంచో ఎత్తుకొచ్చినవాళ్ళు. వాడు తిరిగొచ్చి నేను లేకపోవడం చూస్తే ఆ కసి వీళ్ళ మీదే తీరుతుంది. వీళ్ళని వదిలేసి వచ్చానని తెలిస్తే నా కోడలు నాకు అన్నం పెట్టదు. పెట్టినా నేను తినలేను."

వల్లభుడు రాజ్యం సంగతి గుర్తుచేశాడు. జలకవాటం సంగతి చెప్పాడు. ఆమె అంతా ఓపికగా విని, చిక్కుళ్ళ చేట వాడి చేతిలో పెట్టి, పదకొండుమందినీ పిలుచుకు రావడానికి లోపలికి వెళ్ళింది. వాడు మెట్ల మీద కూర్చున్నాడు. ఆలోచించేకొద్దీ ఆమె మాటే సరిగా తోచింది. చిక్కుళ్ళన్నీ ఒలవడం పూర్తయ్యేసరికి వాడి మనసులో తెప్ప ఒకటి తయారైంది.

మర్నాడు ఉదయం నుంచి పని మొదలైంది. మాంత్రికుడి మేడకున్న టేకు తలుపులు ఆరు ఊడదీశారు. వాటి కింద మూతులు మూసిన నేతి జాడీలు కట్టారు. పట్టు పరదాలు నాలుగు కలిపి తెరచాప కుట్టారు. పూలు కట్టే అక్కాచెల్లెళ్ళు తాళ్ళు పేనారు. ఒక నాట్యాచార్యుడు కొయ్య నిలబెట్టడానికి తాళం వేస్తూ అందరి చేతా అడుగులు వేయించాడు. పదిమందిని ఎత్తి విసరగల మల్లయోధుడు ఒకడున్నాడు. వాడికి నీళ్ళంటే భయం. వాడు మాత్రం పనంతా మెట్ల మీద నుంచే, సముద్రానికి వీపు పెట్టి చేశాడు. తలుపుల పలకలు చీల్చి తెడ్లు కూడా చేశారు. వాటిని అవసరం పడితే తప్ప ముట్టుకోవద్దని వల్లభుడు మరీ మరీ చెప్పాడు.

మూడోనాటి మధ్యాహ్నం తెప్పని నీళ్ళలోకి దించి, పాలపిట్ట వెనక తాడుతో కట్టారు. రాజమాత పడవలో కూర్చోలేదు. తెప్ప మీద అందరి నడుమా కూర్చుంది. పట్టు తెరచాపలోని గాలికి తెప్ప కదిలింది. పదకొండుమందీ ఒక్కసారి ఊపిరి వదిలారు.

ద్వీపం ఇంకా అరకోసు దూరమైనా కాకముందే గాలి పడిపోయింది. తెరచాప వాలిపోయింది. పోటు వాళ్ళని మెల్లమెల్లగా వెనక్కి, నల్లరాళ్ళ కోరల వైపుకి లాగడం మొదలుపెట్టింది. తెడ్లు వేయక తప్పదు. సరిగ్గా అదే సమయంలో ఉత్తరాన నీరు గట్టులా ఉబ్బడం వల్లభుడు చూశాడు. వాడు తాడు పట్టుకొని తెప్ప అంచుకి వంగి, రాజమాతకి మాత్రం వినపడేటట్టు చెప్పాడు. అందరూ హడలిపోయి తెడ్లు గబగబా కొట్టారంటే అంతటితో సరి అన్నాడు.

ఆమె తల ఊపింది. "అయితే వాళ్ళకి చెప్పకు," అంది. "నేను చూసుకుంటాను."

ఆమె కాళ్ళు చాపి, ఎదురుగా విసుర్రాయి ఉన్నట్టు చెయ్యి గుండ్రంగా తిప్పుతూ పాట ఎత్తుకుంది. తొందరపడితే పిండి గరుకవుతుంది గనక ఆడవాళ్ళు తిరగలి దగ్గర సాగదీసి పాడుకునే పాట అది.

"తిరుగవే ఓ రాయి, తీరికగ తిరుగవే,
జారవే ఓ పిండి, సన్నగా జారవే..."

రాయి తిరిగినట్టే తెడ్డు పడాలంది. పదకొండు తెడ్లు ఆ వరసకి మెత్తగా దిగి, మెత్తగా లేచాయి. నీటి చప్పుడు కాలేదు. రాళ్ళకి అంగుళం అంగుళంగా దూరమవుతూ తెప్ప సాగింది. నీటిగట్టు దగ్గరపడింది. వల్లభుడు చుక్కాని మీద చెయ్యి ఉంచి, తానూ గొంతు కలిపాడు. వరస తప్పనివ్వలేదు. మల్లయోధుడు కళ్ళు గట్టిగా మూసుకొని అందరికన్నా బిగ్గరగా పాడుతున్నాడు.

గట్టు వాళ్ళ పక్కకి వచ్చి చదునైంది. తెప్ప జానెడు పైకి లేచి, మళ్ళీ దిగింది. తరవాత పక్కనే నీళ్ళు చీలి అంధతిమి వీపు తేలింది. ఆ వీపు మీద, మడుగు నీళ్ళలో తడిసిన కొంగలా, రెక్క ముల్లుని రెండు చేతులా కావలించుకొని ఘూర్ణుడు ఉన్నాడు. నెమలి పడవ లేదు. పట్టుబట్టలు పీలికలయ్యాయి. ఏడు రోజులుగా కదిలితే చస్తానని కదలకుండా ఉన్న మనిషి. పెదవులు మూసుకొని, కళ్ళతోనే తెప్పకేసి బతిమాలుతూ చూశాడు.

తెప్ప మీద ఉన్నవాళ్ళందరూ వాణ్ణి చూశారు. పూల అక్కాచెల్లెళ్ళ తెడ్లు గాలిలో నిలిచాయి. వల్లభుడు రాజమాత ముఖంకేసి చూశాడు. చేప ఇంకో నాలుగు బారలు పోతే వాడు మళ్ళీ చేతికి అందడు.

రాజమాత పాట ఆపలేదు. చెయ్యి తిప్పడమూ ఆపలేదు. రెండో చేత్తో పక్కన ఖాళీగా పడి ఉన్న తెడ్డు తీసి, పిడి వైపు మాంత్రికుడికి చాచి, మూడో చరణం అందుకుంది.